వేరు పీట: ఆదరమా, అడ్డుగోడయా?

చదరంగమునకు భుజబలముతో నిమిత్తము లేదు. పావును జరుపు చేయి స్త్రీదో పురుషునిదో గడి అడుగదు. అట్టి ఆటలో స్త్రీలకు వేరు పోటీలేల, వేరు బిరుదులేల? ఇది ఆదరమా, లేక మర్యాద పేరిట కట్టిన అడ్డుగోడయా యని మనము విచారింపవలసియున్నది.

1927లో లండను నగరమున స్త్రీలకు తొలి ప్రపంచ పోటీ జరిగెను. మాస్కోలో జన్మించిన వేరా మెన్‌చిక్ అందు గెలిచి, 1944లో బాంబు దాడిలో మరణించువరకు ఆ స్థానమును నిలుపుకొనెను. అయినను ఆమె ఆ పీటతోనే తృప్తిపడక పురుషులతోను తలపడెను. 1929లో కార్ల్స్‌బాడ్ పోటీయందు ఆల్బర్ట్ బెకర్ అను ఆటగాడు, ఆమెచేత ఓడినవారెల్లరు ‘వేరా మెన్‌చిక్ క్లబ్బు’లో చేరవలెనని పరిహసించెను. మొదటి సభ్యుడు తానే అయ్యెను! 1935లో ప్రపంచ విజేతయైన మాక్స్ యూవే సైతము అంతకు ముందామెచేత ఓడినవాడే.

మన దేశమున, నాటి బొంబాయికి చెందిన రోహిణీ ఖాడిల్కర్ 1976లో పురుషుల జాతీయ పోటీలో ఆడగా అలజడి రేగెను. వివాదము హైకోర్టు దాక పోయెను. జాతీయ, అంతర్జాతీయ పోటీలనుండి స్త్రీలను వారింపరాదని ప్రపంచ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు నిర్ణయించెను. ఆ అధ్యక్షుడు మరెవరో కాదు, మాక్స్ యూవేయే. రెండేండ్లకు, 1978లో, జార్జియా దేశపు నోనా గాప్రిందష్విలి గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన తొలి మహిళ అయ్యెను.

అట్లని వేరు పోటీలను ఎత్తివేయుట న్యాయమగునా? కాదని మా అభిప్రాయము. పదిమంది అబ్బాయిల నడుమ ఒంటరిగా కూర్చుండు బాలికకు తోడును, ధైర్యమును, ఆటనే జీవికగా చేసికొను వీలును వానివలన లభించుచున్నవి. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, స్త్రీపురుష భేదము లేని గ్రాండ్‌మాస్టరు బిరుదు నందెను. అప్పటికి అంత చిన్నవయసున దానిని పొందిన స్త్రీ లేదు. ఆమెయే 2019లోను, 2024లోను స్త్రీల ప్రపంచ ర్యాపిడ్ పోటీలలో విజేత. ఒక గౌరవము రెండవదానికి అడ్డు రాలేదు.

కనుక దోషము వేరు పీటలో లేదు. అక్కడనుండి లేవరాదను శాసనములో నున్నది. ఇంటికి గడప యుండవచ్చును గాని, బయటినుండి గొళ్ళెము పెట్టరాదు. పరభాషా ప్రాంతములలో తరతరములుగా నివసించు మనకీ ధర్మము క్రొత్త కాదు. మన సంఘములు మనకు నీడనిచ్చినవి. ఆ నీడయే మన పిల్లలకు హద్దు కావలెనని మనమెన్నడు కోరలేదు. కొడుకులకు కోరని హద్దును కూతుళ్లకు మాత్రము గీయుట యేమి న్యాయము?