ఆపాక ఎక్కే వేడి

మే నెల మిట్టమధ్యాహ్నం, నిండా జనంతో రెండో ఘాట్ రోడ్డు ఎక్కి తిరుమల చేరిన పాత కారు ఒకటి ఊహించుకోండి. నీడ చూసి నిలిపారు, ఇంజిన్ కట్టేశారు. నాలుగైదు నిమిషాలాగి, స్టార్ట్ చేయకుండా తాళం ఒక్క మెట్టు తిప్పి టెంపరేచర్ ముల్లు చూడండి. కొండ ఎక్కుతున్నప్పటి కంటే ఇంకాస్త పైకి లేచి ఉంటుంది. లోపల మంట లేదు, పెట్రోలు చుక్క కాలడం లేదు, అయినా వేడి పెరిగింది! (ఇప్పటి కార్లలో చాలావాటికి ముల్లు నడుమనే కదలకుండా కూర్చునేలా సర్ది పెడుతున్నారు. పాత బండి ముల్లుకు ఆ దాపరికం తెలియదు.) చూసినవాళ్ల గుండె గుభేలుమంటుంది గానీ, నన్నడిగితే అది దండం పెట్టాల్సిన ముచ్చట.

ఎందుకంటే ఆ వేడి కొత్తగా పుట్టింది కాదు. ఘాట్ రోడ్డు పొడుగునా అక్కడే ఉంది. మన కంటపడకుండా ఎవరో మోసుకుపోతూ వచ్చారు, అంతే.

లోపలి సంగతి తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. సిలిండర్‌లో లేచే మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకు కప్పుగా నిలిచిన హెడ్డేమో చాలా కార్లలో అల్యూమినియం. అది 660 డిగ్రీలకే కరిగిపోయే లోహం! నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఆ మంట సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు 700 డిగ్రీల దాకా కాగిపోయి కూడా టపటప కొట్టుకుంటూనే ఉంటుంది. ఇంత జరుగుతున్న గదికి పక్కనే, చిటికెన వేలి మందం లేని గోడకు అవతల, 90 డిగ్రీల దగ్గర నీళ్లు నిమ్మళంగా పారుతుంటాయి.

ఆ నీళ్లను ఎంత పొగిడినా తనివి తీరదు. కిలో అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి కావాలో, కిలో నీళ్లకు దానికి నాలుగున్నర రెట్లు కావాలి. ఇనుముతో పోలిస్తే తొమ్మిది రెట్లు. తాను పెద్దగా వేడెక్కకుండానే ఎదుటివాడి వేడిని అంత మింగగల పదార్థం ఇంత చవగ్గా దొరకడం మన అదృష్టం. ఉజ్జాయింపుగా చెబితే, కాలిన పెట్రోలు ఇచ్చిన శక్తిలో మూడో వంతు పనికొస్తుంది, మూడో వంతు సైలెన్సర్ దారిన పోతుంది, మిగతాదంతా నీళ్ల నెత్తినే. దాన్ని రేడియేటర్ దాకా తీసుకెళ్లి గాలికి అప్పజెప్పి మళ్లీ రావాలి. అలా తిప్పేది బెల్టుకు కట్టిన చిన్న పంపు. కారు కొనేటప్పుడు దాని ఊసెత్తేవాళ్లే ఉండరు.

ఇంజిన్ కట్టేయగానే బెల్టు ఆగింది, దానితో పంపూ ఆగింది. నీళ్లు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. పిస్టన్లు, వాల్వులు, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మాత్రం నిప్పు ఆరిందని ఒక్కసారిగా చల్లబడవు. పొయ్యి కట్టేశాక కూడా గిన్నెలో అన్నం మగ్గినట్టు, వాటిలో దాగిన వేడి చుట్టూ ఉన్న నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. ఎక్కువ వేడి ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి అది ఎలా పాకుతుందో ఫ్రాన్స్‌లో ఫోరియే అనే గణితవేత్త 1822లోనే లెక్క కట్టి పుస్తకం వేశాడు. ముల్లు పైకి జరిగిన ఆ కాస్తా, పంపు ఇంతసేపూ నోరెత్తకుండా చేసిన చాకిరీకి కొలత.

పంపు లేకుండానే నీళ్లు తిప్పిన బండి కూడా ఉంది. 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టి తొలి రెండున్నర వేల కార్లకే పంపు పెట్టారు. ఆ తర్వాతి వాటికి తీసేశారు. కాగిన నీళ్లు తేలికై పైకి లేస్తాయి, చల్లబడినవి బరువై కిందికి దిగుతాయి. ఆ ఒక్క గుణమే నీళ్లను తిప్పింది. ఇంజిన్ ఆగినా నీళ్ల నడక వెంటనే ఆగదు!

ఇప్పుడు మళ్లీ మన కారు దగ్గరికొచ్చి బానెట్ ఎత్తి చూడండి. కొన్ని కార్లలో ఎవరూ చెప్పకుండానే ఫ్యాన్ గిర్రున అందుకుంటుంది. సైలెన్సర్ గొట్టం చల్లబడి ముడుచుకుంటూ టిక్కు టిక్కుమంటుంది. వేడికి ఉబ్బిన కూలెంట్ సన్నటి గొట్టం గుండా పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి పొంగి, గీత దాటి నిలుస్తుంది. ఇంజిన్ చల్లారాక తనంతట తానే రేడియేటర్‌లోకి తిరిగి వెళ్లిపోతుంది. వీటన్నిటికీ కాపలా రేడియేటర్ మూత. దానిలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని ఇంచుమించు రెట్టింపు చేసి పట్టి ఉంచుతుంది. 100 డిగ్రీలకు మరగాల్సిన నీళ్లు అందువల్లే 120 దాకా మరగకుండా ఓర్చుకుంటాయి. ఆపాక ఎక్కే వేడికి ముందే చోటు చూసి పెట్టిన ఆ పనివాడి బుర్రకు జేజేలు.

అన్ని భాగాలకూ అంత ఓర్పు లేదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌లో ఈ వేడికి పెట్రోలు ఆవిరై బుడగలు కట్టేది. ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోకపోతే డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు కూర్చునేవారు. టర్బో ఉన్న డీజిల్ బండిదైతే మరో కష్టం. ఆయిలు ప్రవాహం ఆగిపోయి, కాగిన బేరింగు దగ్గర మిగిలిన ఆయిలు మాడి మసి కడుతుంది.

కాబట్టి కొండ ఎక్కి రాగానే తాళం తీసేయకండి. ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్ మెల్లగా తిరగనివ్వండి. ఆపాక ముల్లు కాస్త ఎక్కితే కంగారుపడి చన్నీళ్లు గుమ్మరించకండి, హెడ్ పగిలే ప్రమాదముంది. రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా మూత జోలికి మాత్రం పోవద్దు. ఒత్తిడి వదిలిన మరుక్షణం లోపలి నీళ్లు ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.