వలలు బాగుచేయువారు

(చదువవలసిన భాగములు: మార్కు 1:16–20; గలతీయులకు 6:1–5; యాకోబు 2:1–9)



చెడిపోయిన సెల్‌ఫోనును బాగుచేయుట విశ్వవిద్యాలయములో పరిశోధింపదగిన విషయమేనా అని కొందరు నవ్వవచ్చును. కాని ఎలక్ట్రానిక్ వస్తువుల మరమ్మతునకును, సమాజపు అంచులకు నెట్టబడినవారిని లోనికి చేర్చుకొనుటకును గల సంబంధమును గూర్చి డాక్టరు పట్టముకొరకు పరిశోధించువారికి నేడు భృతి దొరకుచున్నది. బ్రిటనులో ప్రభుత్వ పరిశోధన నిధులనుండి ఇట్టి విద్యార్థులకిచ్చు కనీసపు భృతి 2024–25లో ఏడాదికి 19,237 పౌండ్లు. ఈ ధనవ్యయము తగినదా కాదా అనునది మా ప్రశ్న కాదు. అంతకంటె లోతైన ప్రశ్న యొకటి కలదు. మరమ్మతు బల్లయొద్ద బాగుపడునది వస్తువా, మనుష్యుడా? మనుష్యుడే యైన యెడల, వారిలో ఎవడు?

మొదట వస్తువుల సంగతి చూతము. 2022వ సంవత్సరములో లోకమంతటను పారవేయబడిన ఎలక్ట్రానిక్ వస్తువులు 6 కోట్ల 20 లక్షల టన్నులు. వాటిలో సరియైన రీతిని సేకరింపబడి తిరిగి వినియోగమునకు మార్చబడినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 వంతులు మాత్రమే. వస్తువు పాతదగుటయే దీనికి కారణము కాదు. బ్యాటరీని జిగురుతో అతికించుదురు. మామూలు స్క్రూడ్రైవరుకు లొంగని స్క్రూలు బిగించుదురు. విడిభాగములు బయట అమ్మరు. బాగుచేయుటకు వీలులేకుండ చేయబడిన వస్తువు పారవేయబడక ఏమగును? ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతు హక్కును గూర్చి శాసనము చేయుటకు ఇదియే హేతువు.

ఇక మనుష్యుల సంగతి. 1902లో అమెరికాలోని బోస్టను పట్టణమున ఎడ్గర్ హెల్మ్సు అను మెథడిస్టు బోధకుడు ధనికుల యిండ్లనుండి పాత బట్టలను, సామానులను గోనెసంచులలో పోగుచేయించెను. వాటిని బీదలకు ఊరక పంచిపెట్టలేదు. బీదల చేతనే వాటిని బాగుచేయించి, అమ్మించి, వచ్చిన ధనముతో వారికి కూలి యిచ్చెను. గుడ్‌విల్ అను సంస్థ ఆలాగు పుట్టెను. ఫ్రాన్సులో 1984లో స్ట్రాస్‌బూర్గు నగరమున ఆరంభమైన ఆన్వీ అను సంస్థ, చిరకాలము పని దొరకనివారిని జీతముపై చేర్చుకొని, బట్టలుతుకు యంత్రములను, శీతల పెట్టెలను వారిచేత బాగుచేయించుచున్నది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్తీన్ పోస్త్‌మా అను స్త్రీ ఆరంభించిన మరమ్మతు కూటములలో, పని తెలిసినవారు ఒకచోట కూర్చుండి, ఇరుగుపొరుగువారు తెచ్చిన వస్తువులను ఉచితముగా బాగుచేయుదురు. ఇట్టి కూటములు అనేక దేశములకు వ్యాపించినవి. కొన్ని దేవాలయపు హాళ్లలోనే జరుగుచున్నవి.

ఇచ్చట మన వేదములోని యొక మాటను గమనింతము. యాకోబు, యోహానులు దోనెలో వలలు బాగుచేసికొనుచుండగా ప్రభువు వారిని పిలిచెనని మార్కు వ్రాసెను. తప్పిదములో చిక్కుకొనిన సహోదరుని సాత్వికముతో తిరిగి నిలువబెట్టవలెనని పౌలు గలతీయులకు వ్రాసెను. మన తెలుగు బైబిలులో ఈ రెండు చోట్ల వేర్వేరు మాటలున్నవి గాని, గ్రీకు మూలములో రెండు చోట్లను ఒకే క్రియాపదమున్నది. చినిగిన వలకును, పడిపోయిన మనుష్యునికిని ఒకే మాట! తెగిన పోగులను వెదకి, ముడివేసి, తిరిగి పనికి యోగ్యముగా చేయుటయే దాని భావము.

అయితే మనుష్యుడు పాడైన రేడియో వంటివాడని దీనినిబట్టి ఎంచరాదు. పౌలు ఆ మాట వెంటనే, నిలువబెట్టువాడు తానును శోధింపబడునేమో చూచుకొనవలెనని హెచ్చరించుచున్నాడు. బాగుచేయువారొక జాతి, బాగుచేయబడువారొక జాతి అని దేవుడు విభజింపలేదు. ఆ జాలరులు తమ వలను తామే బాగుచేసికొనుచుండిరి. వారు ఎవరి దయాధర్మమునకో కాచుకొని యుండలేదు. చేత పని యుండగానే ప్రభువు వారిని పిలిచెను.

యాకోబు పత్రికలో బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటును, బీదవానికి పాదపీఠము దగ్గరి చోటును చూపిన సంఘము కనబడుచున్నది. ఆ సంఘము బీదవానిని బయటికి గెంటలేదు, లోనికి రానిచ్చెను. అయినను అపొస్తలుడు దానిని గద్దించెను. ఏలయనగా లోనికి రానిచ్చుట వేరు, కూర్చుండ చోటిచ్చుట వేరు. మరమ్మతు బల్లయొద్ద ఈ క్రమము తారుమారగుచున్నది. పరదేశమునుండి వచ్చి భాష సరిగా రాని మనుష్యుడు సోల్డరింగ్ ఐరన్ చేతపట్టి కూర్చుండును. ఉన్నతోద్యోగి తన పాడైన యంత్రముతో ఎదుట నిలిచి కాచుకొనును. నిన్నటివరకు పుచ్చుకొనువాడు నేడు ఇచ్చువాడగుచున్నాడు. సమాజములో చేర్చుకొనుట యనగా ఇదియే యని మేము తలంచుచున్నాము.

కావున పరిశోధకునికిని ఒక పరీక్ష కలదు. అతడు పనివాని ప్రక్కన నెలల తరబడి కూర్చుండి, వాని నేర్పును, వాని కష్టమును గ్రంథముగా వ్రాసి, పట్టము పొందును. పనివానికి ఏమి మిగిలెను? సాక్ష్యము లేనిదే శాసనములు మారవు గనుక ఇట్టి పరిశోధన అవసరమని చెప్పుదురు. అది నిజమే. అయినను కూలివాని కూలి సూర్యుడు అస్తమింపక మునుపే యియ్యవలెనని ద్వితీయోపదేశకాండము (24:14–15) ఆజ్ఞాపించుచున్నది. వాని కాలమునకు వెల కట్టబడెనా? వ్రాసినది వానికి తెలియు భాషలో వానికి చదివి వినిపింపబడెనా? అది తప్పని వాడు చెప్పినప్పుడు దిద్దబడెనా? ఈ మూడును జరిగిన యెడల ఆ పరిశోధనయు వల బాగుచేయుటయే. లేనియెడల అది పాదపీఠము దగ్గరి చోటే.

ఈ పరీక్ష పరదేశపు పండితులకు మాత్రమే కాదు. హైదరాబాదులోని జగదీష్ మార్కెట్టులో ఫోనులు బాగుచేయు పనివారున్నారు. ఇట్టి పని మన పట్టణములలో ఉస్తాదు ప్రక్కన కూర్చుండి నేర్చుకొనునదే గాని, పట్టము వలన వచ్చునది కాదు. మన సంఘములలోను ఇట్టివారున్నారు. శనివారము రాత్రి ఆంప్లిఫయరు మూగబోయిన యెడల ఎవరికి కబురు పంపుదుము? అతడు వచ్చి, తెల్లవారుజామువరకు కూర్చుండి, ఆరాధనవేళకు దానిని పలికించును. పాస్టరేటు కమిటీకి పేర్లు ఎంచునప్పుడు అతని పేరు ఎవరి నోటనైన వచ్చునా? బెసలేలును దేవుని ఆత్మతో నింపితినని యెహోవా చెప్పినది (నిర్గమ 31:1–5) ప్రసంగము చేయుటకు కాదు, చేతిపని చేయుటకు. దేవుడు ఆత్మ నిచ్చి ఘనపరచిన పనికి మనము చివరి బల్ల చూపవచ్చునా?

ప్రియులారా, ఈ మాసములో ఒక కార్యము చేయుదము. మన సంఘములో చేతిపని తెలిసినవారెవరో పేరు పేరున తెలిసికొందము. పని పడినప్పుడు మాత్రమే గాక, సంఘ కార్యములను ఆలోచించు వేళను వారిని పిలిచి, వారి మాట విందము. వడ్లవాని కుమారుడని యెన్నబడిన మన ప్రభువు ఆ బల్లయొద్ద మన మధ్య కూర్చుండును గాక. ఆమేన్.