చేతి నొప్పి – కాయక ధర్మము

పని వలన కలిగిన నొప్పికి పరిహారము కోరుట కాయక నిష్ఠకు లోపమా? మగ్గము నేయువారికిని, బీడీలు చుట్టువారికిని, కంప్యూటరు మీటలు నొక్కువారికిని ఈ సందేహము గలదు.

కత్తి తగిలిన గాయము కంటికి కనబడును. ఒకే కదలికను ఏండ్ల తరబడి చేసిన చేతి నొప్పి కనబడదు. కనుక అనుమానమునకు గురియగును. టెలిగ్రాఫు మీట నొక్కి నొక్కి చేయి బిగుసుకొనిపోవు వ్యాధిని బ్రిటనులో 1908లో పరిహారార్హమైన వృత్తిరోగముగా చేర్చిరి. అయినను 1911లో అచటి తపాలాశాఖ విచారణ సంఘము, పదేపదే కలుగు అలసటతోపాటు ఉద్యోగి నరముల బలహీనతనుకూడ కారణముగా చెప్పెను. ఫలము యజమానికి, లోపము శ్రామికునికి!

శరణుల త్రాసు వేరు. రాలిన బియ్యము ఏరుకొనుట కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అధికముగా తెచ్చిన బియ్యమును, ఆయన భార్య లక్కమ్మ తిరిగి ఇచ్చి రమ్మనెను. ఆ న్యాయము ఇరువైపుల వర్తించును. లేని నొప్పి చెప్పి ధనము పొందుట దొంగతనము. ఉన్న నొప్పికి రావలసినది ఎగగొట్టుటయు దొంగతనమే. దాసోహమను పేర నాలుగు రూపాయలిచ్చి యజమాని ఋణవిముక్తుడు కాజాలడు. పరిహారము దానము కాదు, బాకీ.

ఇష్టలింగమును నిలిపి పూజించునది ఆ అరచేతనే. అట్టి చేయి చెడుచుండగా మౌనము వహించుట భక్తి కాదు. నొప్పి మొదలైననాడే వైద్యునకు చూపి, చేసిన పనిని వ్రాయించి, న్యాయముగా రావలసినంతయే అడుగుట కాయక ధర్మములోని భాగమే.