గడువు దాటిన జాబితా



మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలో, ఉద్యోగం చేస్తున్న పిల్లలో ఉంటే వారి ఫోను ఒకసారి అడిగి చూడండి. చేయవలసిన పనులు వ్రాసుకొనే యాప్ ఒకటి అందులో ఏదో ఒక మూల ఉండే ఉంటుంది. టుడూయిస్ట్ కావచ్చు, నోషన్ కావచ్చు, గూగుల్ టాస్క్స్ కావచ్చు. జనవరి మొదటి వారంలో ఎంతో ఉత్సాహంగా మొదలుపెట్టి ఉంటారు. తపస్కాలం వచ్చేసరికి దాని జోలికి పోవడం మానివేసి ఉంటారు.

మానివేసినందుకు చాలామంది తమను తామే నిందించుకుంటారు. "నాకు క్రమశిక్షణ లేదు, ఏదీ చివరిదాకా పట్టుకోలేను" అంటారు. పెద్దలు కూడా సోమరితనమని ఒక్క మాటలో తేల్చివేస్తారు. ఆ తీర్పు న్యాయమైనదేనా? నా మటుకు నాకు న్యాయంగా తోచదు. అయితే ఈ వ్యవహారంలో నిజమైన తప్పు ఒకటి దాగి ఉండవచ్చు. మనం దానిని వెదుకుతున్న చోటు వేరు, అది ఉన్న చోటు వేరు.

యాప్ వాడని వారి కోసం రెండు మాటలు. "పాలవాడికి డబ్బు ఇవ్వాలి" అని వ్రాస్తామనుకోండి. ఏ తేదీకి? ఎంత ముఖ్యం? ఇంటి పనా, ఆఫీసు పనా? ఏ రంగు గుర్తు పెట్టాలి? ఎన్ని గంటలకు గుర్తు చేయాలి? ఇన్నింటికీ అందులో గడులు ఉంటాయి. అన్నీ నింపేలోగా పాలవాడిని పిలిచి డబ్బు చేతిలో పెట్టేయవచ్చు. మొదటి వారం ఇదంతా సరదాగానే ఉంటుంది. ఆ రంగులూ ఆ వరుసలూ చూస్తుంటే జీవితమే చక్కబడినట్లు అనిపిస్తుంది. మూడవ వారానికి ఆ జాబితాను చక్కబెట్టుకోవడమే మరొక పనిగా తయారవుతుంది. ఎద్దును కొన్నవాడు రోజూ మేత కూడా వేయాలి కదా!

మరొక చిక్కు ఏమిటంటే, అందులో చోటుకు కొదవ లేదు. వ్రాయడానికి ఖర్చు లేదు కనుక తోచినదల్లా వ్రాస్తాం. గిటారు నేర్చుకోవాలి, పాత ఫోటోలు సర్దాలి, బరువు తగ్గాలి. గడువు దాటిన పనులను యాప్ ఎర్రగా చూపిస్తుంది. ఒక ఉదయం తెరిచి చూస్తే నలభై ఏడు ఎర్ర వరుసలు, అప్పులవాళ్ళు గుమ్మం ముందు బారులు తీరినట్లు! అటువంటి గుమ్మంలో నుండి రోజూ ఎవరు మాత్రం రాకపోకలు చేస్తారు? దొడ్డిదారిన పోతారు. యాప్ మానివేయడమంటే చాలాసార్లు ఈ దొడ్డిదారే.

మన అమ్మమ్మలు కొంగుకు ముడి వేసుకునేవారు. బజారు నుండి ఏదో తేవాలనో, ఎవరికో ఒక మాట చేరవేయాలనో ఆ ముడి. దాని మీద ఏమీ వ్రాసి ఉండదు. చేతికి తగిలినప్పుడల్లా "ఎందుకు వేశానిది?" అని మనసే వెదుక్కోవాలి. పని అయ్యాక ముడి విప్పేవారు. కొంగుకు నలభై ఏడు ముడులు వేసుకున్న ఇల్లాలిని మీరూ చూసి ఉండరు, నేనూ చూడలేదు. గోడ కాలెండరూ అటువంటిదే. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పిల్లల పరీక్ష ఫీజు, అన్నీ ఒక అంగుళం గడిలో ఇమడాలి. అంతకు మించి పట్టదు. పట్టకపోవడమే దాని సుగుణం. పైగా అది ఇంటిల్లిపాదికీ కనబడుతుంది, ఒక్కరి జేబులో దాక్కోదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఉల్లిపాయలు, కరెంటు బిల్లు, స్కూటరు సర్వీసింగ్ అన్న వరుసల మధ్య "పెద్దమ్మను ఆసుపత్రిలో చూసి రావాలి" అన్న వరుస ఒకటి ఉందనుకోండి. యాప్‌కు అన్నీ ఒకే కొలత. శనివారం వెళ్ళలేకపోయాం. తెరపై వేలితో ఒక్క తోపు తోస్తే అది వచ్చే శనివారానికి జరిగిపోతుంది, ఆ తరువాత మరొక శనివారానికి. మనసుకు ఏమీ గుచ్చుకోదు. పైగా మరచిపోలేదన్న తృప్తి ఒకటి: జాబితాలో ఉంది కదా! ఈలోగా పెద్దమ్మ డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళనూవచ్చు, జరగరానిది జరగనూవచ్చు.

కాగితం దగ్గర అలా కుదరదు. పాత చీటీ నిండిపోయాక, మిగిలిన పనులను కొత్త చీటీ మీదకు మన చేతితోనే ఎక్కించాలి. గిటారు సంగతి మూడోసారి వ్రాయవలసి వస్తే "ఇప్పుడు కాదులే" అని వదిలివేస్తాం. పెద్దమ్మ పేరు మూడోసారి వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రం చేయి ఒక్క క్షణం ఆగుతుంది. వెళతావా, వెళ్ళనని ఒప్పుకుంటావా? కాగితానికి తెలివి లేదు కనుక ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి.

నేను చెప్పిన నిజమైన తప్పు ఇక్కడ ఉంది. యాప్ మానివేసినందువలన ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఒక మనిషికి ఇచ్చిన మాటను గడిలో పెట్టి, పెట్టినంత మాత్రాన తీరిపోయినట్లు ఊరట చెందడంలో నష్టం ఉంది. అది యాప్‌ను ఎంతో శ్రద్ధగా వాడేవారికి కూడా అంటవచ్చు. నన్నడిగితే వారికే ఎక్కువ అంటుతుందంటాను.

ఈ ఊరట గురించి మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా ఆలోచించారు. బెర్లిన్‌లో పరిశోధన చేసిన బ్లూమా జైగర్నిక్ అనే ఆమె, సగంలో ఆగిపోయిన పనులే మనసులో ఎక్కువగా నిలుస్తాయని 1927లో ప్రకటించింది. తరువాత పరీక్షించిన వారందరికీ అదే ఫలితం రాలేదన్నది కూడా చెప్పుకోవాలి. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు మరొక సంగతి గమనించారు. మిగిలిపోయిన పనిని ఎలా చేయాలో ఒక స్పష్టమైన ఆలోచన చేసుకోగానే, పని ఇంకా కాకపోయినా, ఆ పని మనసును పీడించడం మానివేసిందట. రాత్రి నిద్ర పట్టనివారికి ఇది మేలైన వార్తే. కాని పెద్దమ్మ పక్కన నిలబడి చూడండి. మన మనసు తేలికపడింది, ఆమె మంచం పక్కన కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది.

పూర్వులకు ఇటువంటి సాధనాలు లేవనుకోకండి. పునీత లొయోలా ఇన్యాసివారి "ఆధ్యాత్మిక సాధనలు" 1548లో మూడవ పౌలు పోపుగారి ఆమోదంతో అచ్చయింది. అందులో వారంలోని ఒక్కొక్క రోజుకు రెండేసి గీతలు గీసి చూపించారు. మనిషి తనలోని ఒకే ఒక లోపాన్ని ఎన్నుకోవాలి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి భోజనం తరువాత ఒకసారి ఆత్మశోధన చేసుకొని, ఆ పూటలో ఎన్నిసార్లు తప్పాడో అన్ని చుక్కలు ఆ గీత మీద పెట్టాలి. పై గీతను క్రింది గీతతో, నిన్నటిని నేటితో, పోయిన వారాన్ని ఈ వారంతో పోల్చి చూసుకోవాలి. అంతే. ఒక కలం, ఒక చిన్న కాగితం చాలు. ఒక్కసారికి ఒక్క లోపమే అన్న ఆ నియమాన్ని చూడండి. మనుషులను ఎరిగిన వారు తయారు చేసిన సాధనమది.

అమెరికాలో 18వ శతాబ్దంలో ఫిలడెల్ఫియా ముద్రాపకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఇటువంటిదే ఒకటి చేసుకున్నాడు. పదమూడు సుగుణాలు, ఒక్కొక్కదానికి ఒక పేజీ, ఎర్ర సిరాతో గీసిన గడులు, తప్పినప్పుడల్లా ఒక నల్ల చుక్క. వారానికి ఒక సుగుణం మీద దృష్టి. పదమూడు వారాలకు ఒక చుట్టు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడల్లా పాత చుక్కలను గీకివేసేవాడు. గీకి గీకి కాగితానికి చిల్లులు పడ్డాయి. అప్పుడు దంతపు రేకుల మీదకు మార్చి, పెన్సిలుతో చుక్కలు పెట్టి తడి స్పాంజితో తుడుచుకున్నాడు. ఆ పదమూడింటిలో తనను అన్నిటికంటే బాధపెట్టింది "క్రమం" అని, వస్తువులనూ కాగితాలనూ ఎక్కడివక్కడ పెట్టుకోవడం తనకు చేతకాలేదని స్వీయచరిత్రలో ఆయనే వ్రాసుకున్నాడు. కొంతకాలానికి సంవత్సరానికి ఒకే చుట్టు అయింది, తరువాత కొన్నేళ్ళకొకటి అయింది, చివరకు పూర్తిగా ఆగిపోయింది. కాని ఆ చిన్న పుస్తకాన్ని మాత్రం ఎప్పుడూ వెంట ఉంచుకున్నాడట. అంతటివాడే మానివేస్తే, బి.టెక్. చదివే మన అబ్బాయిని ఏమనగలం?

ఒక తేడా ఉంది. ఫ్రాంక్లిన్ పుస్తకం ఫ్రాంక్లిన్‌దే. ఫోనులోని జాబితా ఎవరిదో చెప్పడం కష్టం. వండర్‌లిస్ట్ అని బెర్లిన్‌లో పుట్టిన యాప్ ఒకటి ఉండేది. దానిని అభిమానించి వాడినవారు ఎందరో. 2015లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొన్నది. 2020 మే 6న యాప్‌ను మూసివేసి, తన సొంత యాప్‌కు మారమన్నది. గోడ కాలెండరును ఎవరో వచ్చి మూసివేయలేరు. డిసెంబరు నెల వరకు ఉంటుంది.

ఇంతమాత్రాన ఫోనును పారవేయమని కాదు. మూడు పూటలా మందులు వేసుకోవలసిన తాతగారికి అలారం మోగడం ఎంతో మేలు. గల్ఫ్‌లో ఉన్న కూతురూ ఇక్కడి తల్లీ ఒకే జాబితాను చూసుకుంటూ ఇంటి ఖర్చులు నడుపుకోవచ్చు. జ్ఞాపకశక్తి తగ్గినవారికి, మనసు ఒకచోట నిలవని జబ్బు ఉన్నవారికి అది చేతికర్ర వంటిది. వారిని చూసి ఎవరూ నవ్వకూడదు. చీటీలు కూడా దేవదూతలేమీ కాదు, ఉతుకుడులో చొక్కాతోపాటు నానిపోతాయి.

ఇక ఆ నలభై ఏడు ఎర్ర వరుసల సంగతి. యాప్‌ను తీసివేసే ముందు ఒక పావుగంట కూర్చుని పైనుండి క్రిందికి చదవండి. మనుషుల పేర్లున్న వరుసలు నాలుగో ఐదో ఉంటాయి. వాటిని ఒక చీటీ మీద వ్రాసి జేబులో పెట్టుకోండి. మిగిలినవి పోతే పోనివ్వండి. ఉల్లిపాయలు ఎప్పుడో కొనుక్కునే ఉంటారు.