కత్తియా? కరెంటా?

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 1:21–26, లూకా 14:28–30, 2 రాజులు 20:1–7



కొంతకాలము క్రిందట ఒక సాయంకాలమున మా సంఘపెద్దలలో ఒకరు మా యింటికి వచ్చిరి. ఆయన 66 ఏండ్ల రైతు. ఆయన సెలవు తీసికొనియే యీ సంగతి వ్రాయుచున్నాను గాని, పేరు వ్రాయను. ఆయనకు ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు, అనగా మన పూర్వులు రాచపుండు అని పిలిచిన వ్యాధి, ఉన్నదని పట్టణములోని వైద్యులు తేల్చిరి. వ్యాధి గ్రంథిని దాటి పోలేదు. ఆపరేషను చేసి గ్రంథిని తీసివేయవచ్చును. లేదా మన ఊళ్లలో కరెంటు పెట్టుట అనెడి రేడియేషను చేయవచ్చును. “రెండింటిలో ఏది కావలెనో ఆలోచించుకొని రండి” అని చెప్పి పంపిరి.

పెద్దాయన చేతిలో రెండు చీట్లు ఉండెను. ఒకదానిమీద ‘కత్తి’ అనియు, రెండవదానిమీద ‘కరెంటు’ అనియు మనుమనిచేత వ్రాయించుకొని వచ్చిరి. “అయ్యగారూ, వీటిని బైబిలులో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీయండి. ఏది వస్తే అదే దేవుని చిత్తం. అపొస్తలులు కూడా చీట్లు వేశారు గదా” అనిరి.

నిజము చెప్పవలెనంటే, చీటి తీయుట నాకును సులువుగానే తోచెను. రేపు ఏమి జరిగినను నింద నామీద పడదు. అయితే ఆ తలంపే నా మనస్సాక్షిని పొడిచెను.

ప్రియులారా, అపొస్తలులు చీట్లు వేసినమాట నిజమే. కాని దానికి ముందు వారేమి చేసిరో చూడుడి. ఆ పనికి ఎట్టివాడు తగినవాడో మొదట విచారించి, ఇద్దరిని నిలువబెట్టి, ప్రార్థించి, ఆ తరువాతనే చీట్లు వేసిరి. రెండవ అధ్యాయములో పరిశుద్ధాత్మ కుమ్మరింపబడిన తరువాత వారు మరల చీట్లు వేసినట్లు ఆ గ్రంథములో కానరాదు. ఆరవ అధ్యాయములో ఏడుగురిని సంఘమే ఎంచుకొనెను. పదునైదవ అధ్యాయములో పెద్దలు కూడి, వాదించి, ఆలోచించి తీర్మానించిరి. దేవుడు మనకు బుద్ధినిచ్చినది దానిని చీటిలో చుట్టిపెట్టుటకు కాదు. గోపురము కట్టువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువే నేర్పెను.

“పెద్దయ్యా, చీట్లు నా యొద్ద ఉండనీయండి. ముందు లెక్క చూచుకొందాము” అని చెప్పి, ఆయనను, ఆయన భార్యను వెంటబెట్టుకొని మరల వైద్యుని యొద్దకు వెళ్లితిని. అక్కడ తెలిసికొనిన సంగతులను, తరువాత నేను చదివి తెలిసికొనినవాటిని మీకును చెప్పుచున్నాను.

ఈ గ్రంథి పురుషులకు మాత్రమే ఉండును. మూత్రాశయము క్రింద పెద్ద ఉసిరికాయంత ఉండును. మూత్రనాళము దాని నడుమగుండా పోవును. అందుచేత ఆపరేషనులో గ్రంథిని తీసి నాళమును మరల కలిపి కుట్టుదురు. ఒకటి రెండు వారములు గొట్టము ఉంచుదురు. ఆ తరువాత కొంతకాలము మూత్రము తనంతట కారవచ్చును; కొందరికి అది పూర్తిగా మానదు. దాంపత్యశక్తియు తగ్గవచ్చును, పోవచ్చును.

కరెంటు అని పేరేగాని అది ఒంటిలోనికి విద్యుత్తు ఎక్కించుట కాదు. ఎక్సురే వంటి మిక్కిలి బలమైన కిరణములను గ్రంథిమీదికి పంపుదురు. కోతలేదు, ఆ సమయమున నొప్పి తెలియదు. అయితే వారమునకు 5 దినములు చొప్పున 4 మొదలు 8 వారములు తిరుగవలెను. కొన్ని చోట్ల ఇంకను తక్కువ. మూత్రపు మంట, విరేచనముల బాధ, కొందరికి మలములో రక్తము కనబడుట కలుగవచ్చును. హార్మోను సూదులు చేర్చుట కలదు. వాటివలన నీరసము, ఒంటివేడి కలుగును. దాంపత్యశక్తి దీనివలనను తగ్గవచ్చును. ఆపరేషను తరువాత అవసరమైతే కరెంటు పెట్టవచ్చును; కరెంటు తరువాత ఆపరేషను కష్టము.

ఇంగ్లాండు మొదలగు బ్రిటను ప్రాంతములలో 1999 మొదలు 2009 వరకు 1643 మంది పురుషులను మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఆపరేషను, ఒక గుంపుకు రేడియేషను నిర్ణయించి, మూడవ గుంపును పరీక్షలతో కనిపెట్టుచుండిరి. సుమారు 15 ఏండ్ల తరువాతి ఫలితము 2023లో ప్రకటింపబడెను. మూడు గుంపులలోను నూటికి సుమారు 97 మంది ఈ వ్యాధివలన చనిపోలేదు. కనిపెట్టుచుండిన గుంపులో వ్యాధి ఇతర భాగములకు ప్రాకుట కొంత ఎక్కువ. అయితే వారి వ్యాధి రక్తపరీక్షతో ముందుగా కనుగొనబడినదని మరువకుడి. ఎముకలకు ప్రాకిన తరువాత వచ్చువారికి ఈ లెక్క చెల్లదు. కాబట్టి మూత్రపు బాధను సిగ్గుచేత దాచుకొనకుడి. పలుమారు అది క్యాన్సరు కాదు, వయస్సుతో గ్రంథి ఉబ్బుటయే, అయినను చూపించుకొనుడి.

ఇట్లు ప్రాణము కాపాడుటలో రెండు మార్గములకు భేదము స్వల్పమైనప్పుడు, ఏ బాధను మోయగలమనునదే ప్రశ్న. దానికి చీటి జవాబు చెప్పజాలదు. పెద్దాయన దాంపత్యపు మాటను భార్య యెదుట ఎత్తలేక తల వంచుకొనిరి. అప్పుడామె, “నలభై ఏండ్లు మీ గుడ్డలు ఉతికాను. తడిసిన గుడ్డకు నాకేం సిగ్గు? మిగతాదానికి నాకు బెంగలేదు. మీరు పక్కన కూర్చుని అన్నం తింటే చాలు” అనెను. నేను ఎన్నో పెండ్లిండ్లలో ప్రమాణములు చెప్పించితిని గాని, ఆ ప్రమాణమునకు ఇంత తేటయైన అర్థము ఎన్నడును వినలేదు.

వారాలకొలది పట్టణములో ఉండుటకు వీలులేక, గుండె బలముగా ఉన్నందున, ఆయన ఆపరేషను కోరుకొనిరి. అదేదినమున అక్కడ కలిసిన మరియొక సహోదరునికి గుండెజబ్బు ఉండుటచేత వైద్యులు కరెంటునే సూచించిరి. ఒకరిది విశ్వాసము, మరియొకరిది అవిశ్వాసము కాదు.

“ప్రార్థన ఉండగా వైద్యమెందుకు?” అని కొందరు అడుగుదురు. హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించెను. దేవుడు 15 సంవత్సరములు వాగ్దానము చేసెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను కురుపుమీద వేయించెను. వాగ్దానమిచ్చిన దేవుడే ఆ ముద్దను తృణీకరింపలేదు, మనమెందుకు తృణీకరింపవలెను?

ఇప్పుడు సంఘమునకు ఒక మాట. మన పెద్దాయన బాగున్నారు. కాని దగ్గినప్పుడు ఇంకను కొంచెము మూత్రము కారును. అందుచేత ముందు వరుసలో కూర్చుండువారు ఇప్పుడు తలుపు దగ్గర కూర్చుండి, ప్రసంగము నడుమ లేచి వెళ్లుచున్నారు. అట్టివారిని తిరిగి చూడకుడి, గుసగుసలాడకుడి. దారి ఇయ్యుడి. మరల వచ్చువరకు వారి చోటు ఉంచుడి.

ఆ రెండు చీట్లు ఇంకను నా బల్లసొరుగులో ఉన్నవి. నేను వాటిని తెరువలేదు.

ప్రార్థన: ప్రభువా, భయపడువారికి ఆలోచనయు, మోయుచున్నవారికి తోడును దయచేయుము. మా సిగ్గును తీసివేసి, ఒకరి భారము ఒకరము మోయునట్లు నేర్పుము. ఆమేన్.