మూలపురుషుని వెదకుట శరణధర్మమునకు విరుద్ధమా?

మన సమాజమున విద్యావంతులు పలువురు తమ వంశవృక్షములను కూర్చుకొనుటకు పూనుకొనుచున్నారు. ముత్తాత పేరు దాటి చెప్పగలవారు అరుదైపోయిన ఈ దినములలో ఈ పూనిక మెచ్చదగినదే. అయితే దీని వెంట ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. లింగధారణమైన పిదప పూర్వజాతిని విచారించుట అపరాధమని మన పెద్దలు బోధించిరి. భక్తుడు గురుకరజాతుడు, అతనికి గురువే తండ్రి, శివకులమే కులము. అట్టివానికి మూలపురుషుని వెదకులాట ఎందులకు?

సందేహము తేలికైనది కాదు. బసవేశ్వరుని వంశమునే ఉదాహరణముగా గైకొని విచారింతము.

బసవన్న చరిత్ర మనకు ప్రధానముగా పాల్కురికి సోమనాథుని బసవపురాణము వలనను, దాని ననుసరించి 1369లో భీమకవి రచించిన కన్నడ బసవపురాణము వలనను తెలియుచున్నది. పురాణమును ప్రమాణముగా నంగీకరింపని పరిశోధకులు సమకాలిక శాసనములలో ఆయన పేరు కానరాకపోవుట చూచి సంశయించిరి. ఫ్లీటు దొర అబ్బలూరు శాసనమును బట్టి ఏకాంతద రామయ్యకే ప్రాధాన్యమిచ్చెను. ఇట్టి స్థితిలో బెళగావి జిల్లా హుక్కేరి తాలూకాలోని అర్జునవాడ శాసనము మనకు పెద్ద ఆధారమైనది. సేవుణ ప్రభువగు కన్నరదేవుని కాలమున, 1260లో, వేయబడిన ఈ శాసనము బాగేవాడి మాదిరాజును, ఆయన కుమారుడగు బసవరాజును, బసవరాజు అన్నయగు దేవరాజమునిని, ఆ సంతతిలోని హాలబసవిదేవుని పేర్కొనుచున్నది. మాదిరాజని పురాణము చెప్పిన తండ్రి పేరును రాయి ధ్రువపరచినది! భక్తులకు ఈ ఋజువు అక్కరలేకపోవచ్చును. కాని నిందకు సమాధానము చెప్పవలసినపుడు దాని విలువ తెలియును.

ఇందొక విశేషము గమనింపదగియున్నది. యజ్ఞోపవీతమును, పుట్టినింటిని విడనాడి కూడలసంగమమునకు వెడలిన ఆ మహానుభావుడు తన వచనములలో మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను తండ్రులుగా చెప్పుకొనెను. అనగా బసవన్నకు రెండు వంశావళులు కలవు. ఒకటి శిలపై నున్నది. రెండవది ఆయన నోట వెలువడినది. మొదటిది దేహమునకు సంబంధించినది, రెండవది ఆయన తానుగా వరించినది. మొదటిది అసత్యమని ఆయన ఎన్నడును చెప్పలేదు. దానిని గౌరవమునకు సోపానము చేసికొనలేదు, అంతియే. నా దృష్టిలో మన సందేహమునకు సమాధానము ఇచ్చటనే యున్నది. పూర్వజుని తెలిసికొనుట దోషము కాదు. తెలిసికొన్నదానితో ఇతరుని తూచుట దోషము.

ఇక మనకు లభించు ఆధారములు ఎట్టివో కూడ తెలియవలెను. మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయతులు, మఠముల తామ్రశాసనములు, 1858లో మద్రాసు రాజధానిలో నేర్పడిన ఇనాం కమిషను వారి రిజిస్టర్లు, నైజాము ఇలాకాలో నిచ్చిన ముంతకబులు ముఖ్యమైనవి. ఇనాం రిజిస్టరులో మొదటి గ్రహీత పేరు, నాటి అనుభవదారు పేరు, వయస్సు, వారిద్దరి సంబంధము కనబడును. అందుచేత జంగమ మాన్యములు గల కుటుంబములకు అది పెన్నిధి. అయితే ఈ వ్రాతలన్నియు భూమి కొరకు వ్రాయబడినవని మరువరాదు. భూమి లేనివాని తాత పేరు ఏ అధికారియు అడుగలేదు. మగ్గము నేసినవాడు, పుట్టి నడిపినవాడు, బట్టలుతికినవాడు వీనిలో దొరకుట దుర్లభము. శరణధర్మమునకు వన్నె తెచ్చిన జేడర దాసిమయ్య, అంబిగర చౌడయ్య, మడివాళ మాచయ్య ఆ వృత్తులవారే గదా!

స్త్రీల మాట చెప్పనే అక్కరలేదు. మన వంశవృక్షములలో కూతుండ్ర కొమ్మలు మొదటనే నరకబడి యుండును. కళ్యాణ విప్లవానంతరము శరణులను ఉళవి వరకు నడిపించిన చెన్నబసవన్న ఎవరి కుమారుడు? బసవన్న సోదరి అక్కనాగమ్మ కుమారుడు. కుమారుల పేర్లు మాత్రమే ఎక్కించు పట్టికలో చెన్నబసవన్నకు చోటే దొరకదు.

అసలు పరీక్ష మరియొకటి కలదు. వెదకగా వెదకగా, దీక్ష పొందుటకు ముందు మన మూలపురుషుడు తోలుపని చేసెనని తేలినచో ఏమి చేయుదుము? కొందరు ఆ పుటను అక్కడనే మడిచి, ఒక ఋషిని గాని సామంతుని గాని వంశమునకు తెచ్చి తగిలింతురు. సంబంధములు చూచునపుడు అట్టి పటమును చేతికిచ్చి చూపించువారును కలరు. ఇది పూర్వజునకు చేసిన ద్రోహము. అతడు లింగమును ధరించి నిలిచిన ధైర్యమునే మనము తుడిచివేయుచున్నాము. పాల్కురికి సోమనాథుడు జన్మచేత బ్రాహ్మణుడా, జంగముడా యని మన పండితులు చేసిన వాదములను చదివినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. తల్లిదండ్రుల పేర్లు చెప్పుకొనుటకు సంకోచింపని ఆ కవి, ఆ పేర్లపై ఇంత తగవు పుట్టునని తలచి యుండడు.

కావున వంశవృక్షము వ్రాయువారు వృత్తిని ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. కూతుండ్ర పేర్లను, వారు మెట్టినిండ్లను చేర్చవలెను. ప్రతి పేరు ప్రక్కను దీక్షాగురువు పేరు, మఠము పేరు తెలిసినంతవరకు ఉండవలెను. మఠాధిపతులు తమ వద్దనున్న పాత దస్త్రములకు నకళ్లు తీయించి, అడిగిన భక్తునకు, అతడు మాన్యము గలవాడైనను లేనివాడైనను, చూపింపవలెనని మనవి.