తప్పు పట్టే హక్కు

వాక్యాన్ని ముక్కలుగా విరిచి, ఏ ముక్కలో తప్పున్నదో గుర్తించమనే ఇంగ్లీషు ప్రశ్న మన విద్యార్థులందరూ ఎరిగినదే. చివర ‘తప్పు లేదు’ అనే జవాబు గూడా ఒకటి ఉంటుంది; తికమక పెట్టేది అదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కొరకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారు పట్టభద్రులకు జరిపే మొదటి అంచె పరీక్షలో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు. అందులో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. అంటే ప్రశ్న ఒక్కింటికి 36 సెకన్లు. జవాబు తప్పితే అర మార్కు కోత. ఆ కాస్త వ్యవధిలో అభ్యర్థి తాను రాయని వాక్యంలో, తనది గాని భాషలో, దోషం కనిపెట్టాలి. తాను ఒక వాక్యం రాయగలడా, రాస్తే అందులో చెప్పదగిన విషయం ఏమైనా ఉంటుందా అన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, పరీక్ష పెడుతున్నారు, ఇందులో నీతి మీమాంసకు చోటెక్కడిదని అడగవచ్చు. మన భాషలో ‘తప్పు’ అనే మాటను ఒకసారి పరికించండి. అబద్ధమాడటం తప్పు, పేదవాడి కూలి ఎగవెయ్యటం తప్పు, ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ పెట్టటం గూడా తప్పే. మాట ఒకటే కావటం చేత సిగ్గు గూడా ఒకటే అయి కూర్చున్నది. నిజానికి ఒకటి గూడా కాదు: కూలి ఎగవేసిన ఆసామి సభలో ముందు వరస కుర్చీలో కూర్చుంటాడు, ‘అబౌట్’ పెట్టిన కుర్రవాడు తరగతిలో తల ఎత్తలేడు. వాక్యంలో దోషం ఉన్నదనటం వేరు, దాన్ని పలికిన మనిషిలో దోషం ఉన్నదనటం వేరు. ఈ రెంటికీ మధ్యనున్న దూరాన్ని మన చదువు చెరిపివేసింది.

అసలు తప్పులన్నీ ఒక జాతివి కావు. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అన్నాడనుకోండి. పలువురుంటేనే గదా వారిలో ఒకడనేది! అక్కడ బహువచనం రావాలి. తెలుగులోనూ ‘నా స్నేహితుల్లో ఒకడు’ అనే అంటాం. కాబట్టి ఇది మాతృభాష చేయించిన తప్పు గూడా కాదు. ఆ భాష తగినంతగా చెవిని పడక వచ్చినది. దిద్దవలసిందే, పేచీ లేదు.

‘డిస్కస్ అబౌట్’ సంగతి వేరు. మనం ఒక విషయం ‘గురించి’ చర్చిస్తాం గనక ‘అబౌట్’ వచ్చి చేరింది. అర్థానికి చీమంత హాని లేదు. పైగా అదే మాట నామవాచకమై ‘డిస్కషన్’ అయినప్పుడు ‘అబౌట్’ చేరితే ఇంగ్లీషువారికే అభ్యంతరం లేదు. నామానికి పనికివచ్చినది క్రియకు ఎందుకు పనికిరాలేదంటే, వాడుక అట్లా ఉన్నది, అంతే. వాడుకను వాడుకగానే నేర్పవచ్చు, బండి ఎడమపక్కన తోలమని నేర్పినట్టు. కుడిపక్కన తోలే దేశాలవారు మందమతులని ఎవరూ అనరు గదా.

‘యెస్టర్డే ఓన్లీ’, ‘కజిన్ బ్రదర్’ వంటివి మరొక రకం. ‘నిన్ననే వచ్చాను’ అనే వాక్యంలో ఆ ఏకారం ఎంత పని చేస్తున్నదో తెలుగువాడికి తెలుసు. ఇంగ్లీషువాడు ఆ పనిని చాలావరకు గొంతు ఒత్తి నెరవేర్చుకుంటాడు. మనవాడు దానికొక మాట వెతికి ‘ఓన్లీ’ తగిలించాడు. ‘కజిన్’ విషయం ఇంకా గట్టిది. పెదనాన్న కొడుకు అన్న. మేనమామ కొడుకు బావ. మొదటివాడితో పెళ్లి మాట తలపెట్టటమే పాపం. రెండోవాడితో పెళ్లి మన ఇళ్లలో తరతరాలుగా జరుగుతూ వచ్చినదే. (అది మంచిదా కాదా అనేది వేరే చర్చ.) ఈ ఇద్దరినీ ఒకే మాటతో కట్టివేసే భాష మన ఆడపిల్లను ఇరకాటాన పెడుతుంది. పక్కన ‘బ్రదర్’ చేర్చి ఆమె ఆ ఇరకాటం నుంచి బయటపడుతున్నది. ఇందులో అజ్ఞానం ఎక్కడున్నది? ఆ భాషలో లేని విచక్షణను ఆమె అందులోకి తెచ్చింది. పరీక్షలో మాత్రం ఇది తప్పే; మార్కు పోకుండా ఉండాలంటే ‘కజిన్’ అని ఊరుకోమని చెప్పటం ఉపాధ్యాయుని విధి. ‘నీకు తెలివి లేదు’ అనే అధికారం ఆయనకు లేదు. ‘ప్రీపోన్’ అనే మాటను చూసి ఇట్లాగే నవ్వినవారున్నారు. నేడు అది ఆక్స్‌ఫర్డు నిఘంటువులకు ఎక్కింది.

మరి, ఈ నియమాలు ఎవరు చేశారు? ఆ భాషతో పాటే పుట్టినవని మన విద్యార్థులు నమ్ముతారు. వాక్యం చివర విభక్తి వంటి చిన్న మాట రాకూడదని 1672లో కవి డ్రైడన్ బెన్ జాన్సన్‌ను తప్పుపట్టాడు. తరువాత తన పాత వచనంలోనే అట్లాంటివి ఏరి దిద్దుకున్నాడు. లెక్కపెట్టదగిన వస్తువులకు ‘లెస్’ తగదు, ‘ఫ్యూయర్’ అనాలనేది 1770లో రాబర్ట్ బేకర్ తన అభిరుచిగా చెప్పిన మాట. అభిరుచి కాలక్రమాన శాసనమైంది. 1762లో రాబర్ట్ లౌత్ రాసిన వ్యాకరణం ఇంకా విచిత్రం: షేక్స్పియర్, మిల్టన్, స్విఫ్ట్, చివరకు బైబిలు అనువాదం గూడా అధోజ్ఞాపికల్లో దోషులై నిలబడ్డారు. ‘జూలియస్ సీజర్’లో ఆంటొనీ చేత షేక్స్పియర్ ఒక విశేషణానికి రెండు ఆధిక్య ప్రత్యయాలు తగిలించి పలికించాడు. మన కుర్రవాడు అదే చేస్తే అర మార్కు గూడా దక్కదు సరిగదా, ఉన్నది పోతుంది.

ఈ శాసనాల వెనుక అధికారం ఉన్నది. 1793లో షెఫీల్డు ప్రజలు పార్లమెంటు సంస్కరణ కోరుతూ పంపిన మహజరును, అందులోని భాష సభ గౌరవానికి తగదంటూ కామన్సు సభ స్వీకరించలేదు. కోరిక న్యాయమా కాదా అని తేల్చటం కంటె భాష బాగాలేదనటం సులభం గదా. మన దేశంలో గూడా ఇదే కథ. తమ కచేరీల కొరకు ఇంగ్లీషు నేర్పినవారే, ఆ ఇంగ్లీషులో అర్జీలు రాసుకున్న గుమాస్తాలను చూసి నవ్వుకున్నారు. ‘బాబూ ఇంగ్లీషు’ నమూనాలు పోగుచేసి 1891లో ఆర్నల్డ్ రైట్ ఒక పుస్తకమే వేశాడు; అన్‌స్టే రచించిన ‘బాబూ జబర్జీ’ హాస్యానికి ‘పంచ్’ పత్రిక చోటిచ్చింది. అర్జీలో అడిగినది అన్నమో, సెలవో, ఉద్యోగమో గాని, దొరగారికి కనిపించినది మాత్రం వ్యాకరణం. దొరలు పోయినా ఆ చూపు పోలేదు.

అయితే ఇక్కడ మన మిత్రుల్లోనే కొందరు తొందరపడుతున్నారు. వ్యాకరణం పాలకవర్గపు ఆయుధం, కనుక దాన్ని అవతల పారేద్దామంటారు. 2014లో సివిల్ సర్వీసుల అభ్యర్థులు ఆందోళన చేయగా, ప్రాథమిక పరీక్షలోని ఇంగ్లీషు ప్రశ్నల మార్కులు లెక్కలోకి తీసుకోమని ప్రభుత్వం ప్రకటించింది. ఆ పోరాటం న్యాయమైనదే. వడపోతలో అన్యాయాన్ని ఆపటం ఒక పని. నేర్పటం మానుకోవటం మరొక పని. రెండోది చేస్తే ఎవరు నష్టపోతారు? వకీలుగారి అమ్మాయి వ్యాకరణం చదవకపోయినా ఆమెకు లోటు రాదు. చెవికి ఎబ్బెట్టుగా తోచిన ముక్కను గుర్తుపెట్టి ముందుకు పోతుంది, కారణమడిగితే చెప్పలేదు. కౌలురైతు కొడుకు సూత్రం గుర్తు తెచ్చుకొని, వాక్యానికి అన్వయించి, కారణంతో సహా జవాబు చెబుతాడు. ఈలోగా 36 సెకన్లు దాటిపోతాయి. తెలిసినవాడు ఓడి, అలవాటున్నవారు గెలిచే పరీక్ష ఇది. అయినా ఆ సూత్రం గూడా లాగేసుకుంటే అతని చేతిలో ఇక మిగిలేదేమిటి?

ముస్సోలినీ నిర్బంధంలో 1935లో గ్రాంషీ వ్యాకరణంపై ఒక నోటుపుస్తకం రాశాడు. బడుల నుంచి వ్యాకరణాన్ని తొలగించటం స్వేచ్ఛగా కనిపించినా, సంపన్నులకు ఇంట్లోనే దొరికే భాషను పేదలకు ఎక్కడా దొరక్కుండా చేయటమే దాని ఫలితమని ఆయన వాదన. ఒక ప్రామాణిక భాషను ఎన్నుకోవటం ఎప్పుడూ రాజకీయ చర్యేనని గూడా ఆయనే అన్నాడు. ఈ రెండు మాటల్లో ఒకదాన్ని వదిలి ఒకదాన్ని పట్టుకున్నవారే మనలో ఎక్కువ.

రెంటినీ పట్టుకున్నవాడు ఒకడున్నాడు. విలియం కాబెట్ పొలంలో పనిచేసి పెరిగిన రైతుబిడ్డ. సైన్యంలో సామాన్య సిపాయిగా ఉండగా లౌత్ వ్యాకరణాన్ని కంఠస్థం చేశాడు. పడక అంచు మీద కూర్చుని చదివేవాడు, పుస్తకాలకు బీరువా అతని వీపుసంచి. 1818లో తానే ఒక వ్యాకరణం ప్రచురించి, అది ముఖ్యంగా సిపాయిలకు, నావికులకు, పనినేర్చే కుర్రవాళ్లకు, నాగలి పట్టే పిల్లలకు అని పుస్తకం మొదట్లోనే ప్రకటించాడు. 1823 ముద్రణలో రాజనీతిజ్ఞుల కొరకంటూ ఆరు పాఠాలు చేర్చాడు. తప్పులు చూపటానికి కాబెట్ ఎంచుకున్న వాక్యాలు కూలివాళ్లవి గావు: రాజుగారి ప్రసంగాలవి, కాసిల్రే, వెల్లింగ్టన్ వంటి పెద్దలు రాసినవి. మన గిడుగు రామమూర్తి గారు చేసినది గూడా ఇటువంటిదే. వాడుక భాష తప్పుల కుప్ప అని బాలవ్యాకరణం చేతబట్టుకొని గద్దించిన గ్రాంథికవాదుల రచనలనే తీసుకొని, అవి ఆ వ్యాకరణానికే ఎట్లా విరుద్ధమో 1933లో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో వరసబెట్టి చూపించారు.

మన తరగతుల్లో ఇది చేయవచ్చు. ‘ద పూర్ ఈజ్ లేజీ’ అనే వాక్యం ఇచ్చామనుకోండి. విశేషణం ముందు ‘ద’ వచ్చి ఒక వర్గాన్ని సూచించినప్పుడు క్రియ బహువచనంలో ఉండాలి గనక ‘ఆర్’ అని దిద్దుతాడు విద్యార్థి. పరీక్ష దృష్టిలో ఇక అందులో తప్పు లేదు. పేదలు సోమరులనే అబద్ధం మాత్రం చక్కని ఇంగ్లీషులో అట్లాగే నిలిచి ఉంటుంది. పీరియడులో సగం ‘ఆర్’ కొరకు వెచ్చిద్దాం. మార్కు పోగొట్టుకొమ్మని ఎవరికీ చెప్పలేం. మిగతా సగంలో ఆ వాక్యాన్ని ఎవరు, ఎవరిని గురించి, ఏ ప్రయోజనం కొరకు అంటారో అడుగుదాం. మరునాడు గైడు పక్కన పెట్టి, ప్రభుత్వ ప్రకటననో, పెద్ద పత్రిక సంపాదకీయాన్నో నల్లబల్ల మీద రాసి, ముక్కలు చేసి పిల్లలకు ఇద్దాం. వ్యాకరణమూ అడుగుదాం, నిజమూ అడుగుదాం. దీనికి పాఠ్యప్రణాళిక మారేదాకా ఆగనక్కరలేదు. ఈ ఏడే మొదలుపెట్టవచ్చు.